అద్దానికి వెనకవైపు

మా అన్నయ్య మీద నాకు కోపం. చిన్నప్పుడు పెన్సిలు విరగ్గొట్టినందుకు వచ్చిన కోపం లాంటిది కాదు, కొన్నాళ్లు మాటలు మానేసి మళ్లీ కలిసిపోయే కోపమూ కాదు. ఆడబిడ్డనై ఉండి వదిన వైపు మాట్లాడతానని మా చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటారు. నొక్కుకోనివ్వండి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అనేదే. బస్ డిపోలో టికెట్ల కిటికీ వెనక కూర్చునేదాన్ని, రోజంతా అరిచేవాళ్లకు అరిచి సమాధానం చెప్పేదాన్ని, ఇంకెలా ఉంటాను? సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటేనే మా ఆయన టీవీ సౌండు తగ్గించేస్తాడు, పాపం. కానీ ఈ కోపం నా స్వభావంలోంచి పుట్టింది కాదు. ఇది మా వదినకు రావాల్సిన కోపం. ఆవిడకు రాలేదు కాబట్టి నేను తెచ్చుకున్నాను.

ముందు వదిన సంగతి చెప్పాలి. ఆవిడ దుకాణాల బోర్డులు రాసే పెయింటరు కూతురు. ఆయనకు గాజు తలుపుల మీద అక్షరాలు రాయడంలో పేరుండేది. గాజుకు బయటివైపు రాస్తే ఎండకూ వానకూ, వచ్చేపోయేవాళ్ల చేతులకూ పోతుంది. అందుకని లోపలివైపు నుంచి, కుడి ఎడమలు తారుమారు చేసి రాయాలి. బొమ్మ అయితే ఇంకా తంటా. కాగితం మీద ముందు ఆకాశం వేసుకుని ఆ తరవాత పక్షిని వేస్తాం. గాజు వెనక అలా కుదరదు. ముందు పక్షి కంట్లో మెరుపు, తరవాత కన్ను, తరవాత రెక్కలు, అన్నీ అయ్యాక ఆఖర్న ఆకాశం. మొదట పెట్టిన చుక్కే బయటివాళ్లకు అన్నిటికన్నా ముందు కనిపిస్తుంది. అది తప్పితే దిద్దుకునే దారి లేదు, మొత్తం గీకేసి మొదలుపెట్టాల్సిందే. వదిన గౌన్లు తొడుక్కునే వయసులోనే ఈ పని పట్టేసింది. వాళ్ల నాన్న నిచ్చెన కింద నిలబడి రంగుల డబ్బాలు అందిస్తూ, ఆయన చెయ్యి తిరిగినట్టల్లా మెడ తిప్పుతూ నేర్చుకుందట.

మా అన్నయ్యను చేసుకుని మా ఇంటికొచ్చేనాటికి, వాడు వీడియో గేముల హాల్లో మెకానిక్కు. నిలువెత్తు చెక్క పెట్టెలు, పొట్టలో ఒక టీవీ, ముందు బల్ల మీద ఊపడానికి ఒక పుల్ల, నొక్కడానికి బటన్లు. బిళ్ల వేస్తే ఆట మొదలవుతుంది. ఏ పెట్టె ఆగిపోయినా వాడు వెనక తలుపు తీసి తల దూర్చి బాగుచేసేవాడు. అందరూ వాణ్ణి ‘ఆటల డాక్టరు’ అనేవాళ్లు. వాడు ఆ పేరును మెడలో పతకంలా వేసుకుని తిరిగేవాడు.

ఆ పెట్టెలన్నీ ఎక్కడెక్కడో వాడి పారేసినవి, ఓడల్లో వచ్చేవి. దారిలో పైన ఉండే అద్దం తప్పకుండా పగిలేది. పెట్టె నెత్తిమీద, వెనక ట్యూబులైటు వెలిగితే బొమ్మ మెరుస్తూ జనాన్ని పిలిచే అద్దం అది. అది లేకపోతే పెట్టె బోసిగా ఉందని హాలు ఓనరు గోల పెట్టాడు. “మా ఆవిడ ఏదో గీస్తుందండీ” అని అన్నయ్యే అన్నాడు. అప్పటినుంచి మా వెనకగదిలో నేల మీద పాత పేపర్లు పరచుకుని, కొంగు నడుముకు దోపుకుని, వదిన అద్దాలు వేసేది. కార్లు, రాకెట్లు, నిప్పులు కక్కే జంతువులు. హాలంతా ఆవిడ బొమ్మలే వెలిగేవి. అయితే పెట్టె బాగుపడితే డాక్టరు చెయ్యి అనేవాళ్లు, బొమ్మ బాగుంటే పెట్టె బాగుంది అనేవాళ్లు.

వాటిలో ఒకటి సముద్రం అడుగున తిరిగే మనిషి ఆట. తెర మీద ఆ మనిషి చీమంత ఉంటాడు, మొహమే ఉండదు. అద్దం మీద మాత్రం ఇనప టోపీ, దాని కిటికీలోంచి మొహం కనబడాలి. ఎవరి మొహం వెయ్యాలా అని వదిన ఆలోచిస్తుంటే నేను కాలేజీ నుంచి వచ్చాను, అన్నయ్య నా సైకిలు తాళం పారేశాడని వాణ్ణి తిడుతూ. “కదలకు అమ్మాయ్, అలాగే ఉండు, ఆ కోపం పోనివ్వకు” అంది వదిన. నా మూతి బిగింపూ, ఎడమ కనుబొమ పైకెత్తడమూ, గడ్డం మీద గాటూ అన్నీ దించేసింది. ఆక్టోపస్ ఎనిమిది చేతులతో మీదికొస్తుంటే దాన్ని కసురుతున్నట్టు నేను! హాల్లో దాన్ని చూసి నేను పడిపడి నవ్వాను. అన్నయ్య రోజూ ఆ పెట్టె ముందు నిలబడేవాడు. సొంత చెల్లెలి మొహాన్ని ఒక్కనాడూ పోల్చుకోలేదు.

తరవాత ఫోన్లలోకే ఆటలు వచ్చేశాయి, హాలు మూతపడింది. పెట్టెలను చెక్క కోసం పగలగొట్టారు, అద్దాలు చెత్తబండి ఎక్కాయి. సముద్రం ఆట పెట్టెనొక్కదాన్నే అన్నయ్య ఇంటికి తోలించుకున్నాడు. వాడు ఫ్రిజ్జుల రిపేరుకు మారాడు. రంగుల వాసనకు మా అమ్మకు దగ్గు తెర ఆగడంలేదని వదిన కుంచెలు అటక ఎక్కించి, ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పనికి కుదిరింది. అమ్మ పోయాక కూడా ఆ కుంచెలు దిగలేదు. దించమని ఎవరూ అనలేదు. ఊళ్లోవాళ్ల నవ్వు మొహాలకు అద్దాలు బిగిస్తూ ఆవిడ వయసు గడిచిపోయింది. పెట్టె మాత్రం వెనకగదిలో, ఇస్త్రీకి పెట్టిన బట్టల కింద నిలబడే ఉంది. వదిన జీవితంలో వేసినవాటిలో మిగిలింది ఆ ఒక్క అద్దమే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా కోపమంతా దీని మీదే నిలబడి ఉంది.

పోయినేడు టౌన్ హాల్లో పాత ఆటల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. అన్నయ్యకు పూనకం వచ్చింది. బట్టల కుప్ప మంచం మీదికి వెళ్లింది, వెనకగది ఆపరేషన్ థియేటర్ అయింది. వాడికి రావాల్సిన మెప్పు వాడికివ్వాలి, పని మాత్రం గొప్పగా చేశాడు. ఇల్లు తుడిచిన నీళ్లు పీల్చి ఉబ్బిన అడుగు చెక్కను కోసేసి కొత్త ప్లైవుడ్ అతికించాడు. ఉబ్బిన కెపాసిటర్లు తీసి కొత్తవి సోల్డరింగ్ చేశాడు. ఏ వైరు ఎక్కడిదో మరిచిపోకుండా ఒక్కోదానికీ రంగు దారం కట్టుకున్నాడు. బటన్ల కింది స్ప్రింగులు కిరసనాయిల్లో నానబెట్టాడు. అదీ మా వదిన గిన్నెలోనే. పిక్చర్ ట్యూబు వెలిగి, ఆ చీమంత మనిషి బుడగలు వదులుతూ నీళ్లలోకి దిగినప్పుడు వాడి కళ్లు చెమర్చాయి. నాకూ ముచ్చటేసింది.

ప్రదర్శన చేసే సంఘం తరఫున పెట్టెను చూడటానికి ఒకావిడ వచ్చింది. మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు ఉండేది కాబట్టి మేం కళ్లజోడు మేడం అనుకునేవాళ్లం. ఆవిడ తెర కేసి ఒకసారి చూసి, తల పైకెత్తి అద్దాన్ని చూస్తూ ఉండిపోయింది.

“ఇది ఎవరు వేశారండీ? ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. ఈమె మొహంలో ఆ చిరాకు చూడండి!”

వదిన కాఫీ ట్రేతో గుమ్మంలోనే ఉంది. నేను వదిన పక్కనే ఉన్నాను. అన్నయ్య మా ఇద్దరి వైపూ చూడలేదు.

“కంపెనీదేనండీ. పెట్టెతోనే వచ్చింది” అన్నాడు.

వదిన ట్రే బల్ల మీద పెట్టి, కప్పులు సర్ది, లోపలికి వెళ్లిపోయింది. నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని నన్నూ లాక్కుపోయింది. కళ్లజోడు మేడం ఫోనుతో ఫొటో తీసుకుని వెళ్లేదాకా పళ్ల బిగువున ఉన్నాను. ఆ తరవాత ఆగలేదు.

“ఎందుకలా చెప్పావు?”

“నీకు తెలీదే. కంపెనీదంటేనే వాళ్లకు లెక్క. ఇంట్లో గీసిందంటే డూప్లికేటు అనుకుంటారు, పెట్టె వద్దంటారు.”

“వద్దంటే వద్దననీ! వదిన ఎదురుగా నిలబడి ఉంది, కనబడలేదా?”

“ఆవిడేం అనుకోదులే. ప్రదర్శన అయిపోయాక చెప్తానుగా. ఏమోయ్, నువ్వేమైనా అనుకున్నావా?”

వదిన వంటింట్లోంచి, “ఒక్కటే చెప్తున్నానండీ. ఆ అద్దం మీరు ముట్టుకోకండి. రంగు పొడిబారింది. నేనే మెత్తటి కుంచెతో దులుపుతాను” అంది. ఆవిడ మా అన్నయ్యను ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు. “సరే సరే” అన్నాడు వాడు, వైరుకు దారం కడుతూ. గోడకు చెప్పినా ఇంతకంటే చెవిన వేసుకునేది.

ఇంక ఆ మధ్యాహ్నం సంగతి. డిపోలో డ్యూటీ దిగి వాళ్లింటికి వెళ్లాను. వదిన దుకాణానికి వెళ్లింది. పెరట్లో అన్నయ్య ప్యాంటు మడతలు మోకాళ్ల దాకా ఎత్తుకుని, ఈల వేస్తూ, ఒక గాజు పలకను గోడకు ఆనించి తుడుస్తున్నాడు. పక్కన ప్లాస్టిక్ బకెట్టు, సబ్బు నురగ, గిన్నెలు తోమే పీచు. పలక తళతళా మెరుస్తోంది. దాని అవతల గోడ మీది తీగా, తీగ మీద ఆరేసిన తువ్వాలూ స్పష్టంగా కనబడుతున్నాయి.

“చూశావా!” అన్నాడు గర్వంగా. బకెట్టు కాలితో నా వైపు జరిపాడు. “ఎన్నేళ్ల మురికో చూడు! అద్దం వెనకంతా సున్నం కొట్టినట్టు పేరుకుపోయింది. రెండుసార్లు నీళ్లు మార్చాను.”

బకెట్లో నీళ్లు నీలంగా ఉన్నాయి. సముద్రం నీలం. అందులో ఎర్రటి తొక్కలు తేలుతున్నాయి, ఆక్టోపస్‌వి. నేను బకెట్టు పక్కనే గొంతుక్కూర్చున్నాను.

ఫ్రిజ్జు బాగుచేసి ఇచ్చేటప్పుడు లోపలి గాజు అరలన్నీ తీసి సబ్బునీళ్లతో రుద్ది, మెరిసేలా బిగించి ఇవ్వడం వాడి అలవాటు. చూడగానే ఇంట్లోవాళ్లు మురిసిపోతారట. అదే పని ఇక్కడా చేశాడు. బొమ్మ ముందువైపు ఉందనుకున్నాడు, కాబట్టి ముందువైపు జాగ్రత్తగా దుప్పటి మీద బోర్లించి వెనకవైపు పీచు పెట్టి తోమాడు. వదిన ఆఖరి పూతగా వేసిన పలచటి తెలుపు లైటు వేడికి పసుపెక్కితే, వాడి కంటికి అది జిడ్డులా కనిపించింది. ఎత్తి చూసేసరికి ఏమీ లేదు. అప్పుడైనా అనుమానం రావాలా వద్దా? పాతదై పెచ్చులూడిపోయిందిలే అనుకున్నాడట!

కట్టుకున్న మనిషి ఇదే ఇంట్లో, ఇదే గదిలో, నేల మీద వంగి అన్ని అద్దాలు వేసింది. ఆవిడ ఏ వైపు వేస్తుందో వాడికి తెలియదు. ఒక్కసారి పక్కన కూర్చుని చూస్తే తెలిసేది. వైరు వైరుకూ దారం కట్టి గుర్తుపెట్టుకున్నవాడికి ఇది గుర్తులేకపోవడం కాదు, అసలు పట్టలేదు. నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం తిట్టానో పూర్తిగా గుర్తులేదు, పక్కింటివాళ్లు కిటికీ తలుపులు వేసుకున్నారని మాత్రం తెలుసు.

వదిన వచ్చింది. సంచి భుజాన ఉండగానే పెరట్లోకి వచ్చి బకెట్టు చూసింది, గోడకానిన అద్దం చూసింది.

“ఏ వైపు తుడిచారు?” అంది.

“వెనకవైపు. మురికి అటే కదా ఉందీ…” అన్నాడు. అంటూండగానే వాడికి అర్థమైంది. మొహం పాలిపోయింది.

వదిన ఏడవలేదు, అరవలేదు. బకెట్టు ఎత్తి తూములో పోయబోయి ఆగింది. వేలు ముంచి ఒక ఎర్ర తొక్క తీసి చూసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేసి, బకెట్టును అక్కడే పెట్టి వంటింట్లోకి నడిచింది. ఆ రోజు ఆవిడ అరిచి ఉంటే నాకీ కోపం ఇంత ఉండేది కాదు.

అన్నయ్యకు సిగ్గు ఒక్క పూట ఉంది. మర్నాటికి ఉపాయాలు మొదలయ్యాయి. కళ్లజోడు మేడం ఫోన్లో ఫొటో ఉంది కదా, ఏదో సాకు చెప్పి తెప్పించుకుని, ప్రింటు వేయించి అతికిస్తానన్నాడు. ఫొటో వచ్చింది. ఫ్లాషు వెలుగు గాజు మీద పడి, ఇనప టోపీ కిటికీ ఉన్నచోట తెల్లటి మచ్చ. అంతా ఉంది, మొహం లేదు. అప్పుడు వదిన దగ్గర చేరాడు.

“నువ్వే మళ్లీ వేసెయ్యకూడదూ? అచ్చం అలాగే. ప్రదర్శనకు ఇంకా టైముంది. ఎవరికీ తెలీదు.”

“ఎవరికీ తెలీదు కాబట్టే వెయ్యను” అంది వదిన, కూరగాయలు తరుగుతూ. “మళ్లీ కంపెనీదంటారు.”

“అబ్బా, ఇప్పుడు దాన్ని పట్టుకుని…”

“మీ పెట్టెకు ఖాళీ అద్దమే బిగించుకోండి.”

బిగించుకున్నాడు, వేరే దారి లేక. పెట్టెను తీసుకెళ్లడానికి బండి వచ్చిన రోజు నేను డిపోకు సెలవు పెట్టి మరీ వెళ్లాను. కళ్లజోడు మేడం గదిలోకి వస్తూనే తల పైకెత్తింది. ట్యూబులైటూ, దాని పట్టీ, చెక్క మీద వాడు కొట్టిన మేకులూ బట్టబయలుగా వెలుగుతున్నాయి.

“అదేంటండీ, బొమ్మ ఏదీ?”

అన్నయ్య నీళ్లు నమిలాడు. “అదీ… పాతది కదండీ, పాడైపోయింది.”

“పాడవలేదు” అంది వదిన. గుమ్మంలో కాదు, ఈసారి గది మధ్యకు వచ్చి నిలబడింది. చేతిలో ట్రే లేదు. “మీరు తుడిచేశారు.”

బండి కూలీలు పెట్టె మీద వేసిన చేతులు తీశారు. వదిన గొంతు పెరగలేదు. ఒక్కో మాటా గాజు మీద గీసినట్టు వచ్చింది.

“కంపెనీది కాదండీ అది. నేను వేశాను. ఆ గేముల హాల్లో ఉన్న అద్దాలన్నీ నేనే వేశాను. ఒక్కటి మిగిలితే, ముట్టుకోవద్దని చెప్పినా, నేను ఇంట్లో లేనప్పుడు ఈయన పీచు పెట్టి తోమేశారు. నా రంగు ఈయనకు మురికిలా కనిపించింది.”

కళ్లజోడు మేడం అన్నయ్య వైపు చూసిన చూపుకు వాడు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకోవడం, తీయడం, మళ్లీ పెట్టుకోవడం చేశాడు. ఆవిడ వదిన దగ్గరికి వచ్చి, “మళ్లీ వేస్తారా అమ్మా? కింద మీ పేరు రాయిద్దాం, పెద్ద అక్షరాలతో” అంది.

“వేస్తుంది, వేస్తుంది!” అన్నాడు అన్నయ్య, ప్రాణం లేచొచ్చినట్టు.

“బొమ్మలు వేస్తానండీ” అంది వదిన మేడంతో. “ఈయన పెట్టెకు మాత్రం వెయ్యను. ఇది ఇలాగే వెళ్లాలి. చూసినవాళ్లు అడుగుతారు. ఈయనే సమాధానం చెప్పుకుంటారు.”

పెట్టె అలాగే వెళ్లింది. టౌన్ హాల్లో దాని చుట్టూ మూగినంత జనం ఇంకే ఆట చుట్టూ లేరు. వచ్చినవాళ్లంతా ఆడేసి, తల ఎత్తి, “పైన ఖాళీగా ఉందేంటండీ?” అనేవాళ్లు. నేను కుర్చీ తెచ్చుకుని అన్నయ్య వెనకే కూర్చున్నాను. మొదట వాడు, “బొమ్మ ఉండేదండీ, పోయింది” అన్నాడు. నేను గట్టిగా దగ్గాను. “అంటే… తుడిచిపెట్టుకుపోయింది” అన్నాడు. మళ్లీ దగ్గాను. చెవులు ఎర్రబడ్డాయి వాడికి. “మా ఆవిడ వేసిన బొమ్మండీ. నేనే తుడిచేశాను” అన్నాడు. ప్రదర్శన ముగిసేదాకా వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాడు. ఆఖరికి నేను దగ్గాల్సిన పని లేకపోయింది. అయినా నా కోపం తగ్గలేదు. చెప్పినంతమాత్రాన అద్దం మీదికి రంగు తిరిగి రాదు కదా.

పెట్టె తిరిగొచ్చిన సాయంత్రం, వదిన రమ్మందని వెళ్లాను. అన్నయ్య వరండాలో కూర్చుని ఎవరిదో ఫ్రిజ్జు మోటారు విప్పుకుంటున్నాడు. నన్ను చూసి ఏదో అనబోయి, మొహం చూసి మానేశాడు. ముందుగదిలో నేల మీద పేపర్లు పరిచి ఉన్నాయి. వెనకగదిలో కాదు, నట్టింట్లో. వాటి మీద దుకాణం నుంచి తెచ్చుకున్న కొత్త గాజు పలక. అటక మీది డబ్బా దిగి ఉంది. కుంచెలు కొన్ని ఎండి పుల్లలైపోతే కొత్తవి కొనుక్కుంది. వదిన కొంగు నడుముకు దోపుకుని ఉంది.

“దేనికి వదినా ఇది? ఏ పెట్టెకు?”

“ఏ పెట్టెకూ కాదు. ఆ కిటికీకి. వీధిలోంచి పోయేవాళ్లు చూస్తారు.”

నన్ను వెలుతురుకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. వరండాలోంచి అన్నయ్య మెల్లగా లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వదిన తల ఎత్తలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. సన్నటి కుంచెను తెల్లరంగులో ముంచి, నా కంట్లో మెరుపు ఎక్కడుందో వెతుకుతూ నా మొహంలోకి చూసింది.

“అప్పటిలాగే మొహం పెట్టు అమ్మాయ్” అంది.

“పెట్టక్కర్లేదు వదినా” అన్నాను అన్నయ్య వైపే చూస్తూ. “ఆ కోపం దిగితే కదా.”

వదిన మొదటి చుక్క పెట్టింది.